చేతిగడియారం ఇచ్చిన ఆవిడ

తుఫాను మా వంటపాక కప్పును నా కళ్లముందే ఎగరేసుకుపోయాక, కొబ్బరాకు కదిలినా నేను మంచం కిందికి దూరేదాన్ని. గాలి రేగితే చాలు, రేపల్లెలోని మా ఇంట్లో అమ్మ తలుపులన్నీ బిగించేది. బడిలో నా మొహం చూసి పిల్లలే కిటికీలు మూసేసేవారు. అందరూ నా మేలు కోరే నా భయాన్ని పాలు పోసి పెంచారు.

అప్పుడొచ్చారు ఆవిడ, తెనాలి నుంచి పాసింజరు బండిలో. నాన్న "డాక్టరు గారూ" అంటే, "డాక్టర్ని కాదండి, పిల్లల భయాలు వినేదాన్ని" అన్నారు. ఆరు వారాలే వస్తానని ముందే చెప్పారు, వారంలో ఒకరోజు ఇంటికి, ఒకరోజు బడికి. వస్తూనే కిటికీ తెరిచేవారు. నాకు వణుకు మొదలయ్యేది. తన చేతిగడియారం విప్పి నా అరచేతిలో పెట్టేవారు.

"భయపడొద్దని అననమ్మా. ఎన్ని నిమిషాలుంటుందో చూసి చెప్పు."

మొదట్లో ఇరవై నిమిషాలు. కన్నీళ్లలో ముల్లు కనబడేది కాదు. తరవాత పన్నెండు, ఆ తరవాత ఎనిమిది.

ఆఖరి రోజు మేం బడిలో ఉండగా ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచింది. పిల్లలు కిటికీల వైపు ఉరికారు. "ఉండనివ్వండి" అన్నారావిడ. పైన పెంకులు గలగలలాడాయి. ముల్లునే చూస్తూ కూర్చున్నాను. గుండె దడదడలాడి, మెల్లగా కుదుటపడింది.

"ఐదు నిమిషాలండి!" అంటూ గడియారం ఇవ్వబోయాను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది, వణుకుతోంది.

"నీ దగ్గరే ఉంచమ్మా" అన్నారు, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే. "నాకింకా తగ్గలేదు. ఎంతసేపో చూడు."