కైకలూరులో ఎత్తిన చెక్ ట్రే

నా మొదటి ఉద్యోగాన్ని నిలబెట్టింది రొయ్య. చదివిన బీఏ కాదు, మా మావయ్య సిఫార్సు అంతకన్నా కాదు.

సెల్‌ఫోనుకి ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలో సంగతి. ఏలూరులో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సంస్థలో చేరాను. దాని డైరెక్టరు గారు మే నెలలో కూడా టై కట్టుకునే మనిషి. ఆయన నన్ను కైకలూరు బ్రాంచికి పంపారు. బ్రాంచి అంటే ఐసు కొట్టు మీద ఒక గది. నాకు ముందు ఇద్దరు మాస్టర్లు అక్కడికి వెళ్ళి, క్లాసు ఖాళీ అయి, తిరిగి వచ్చేశారు.

పద్ధతి ఏమిటంటే, మొదటి వారం పాఠం ఉచితం. శనివారం డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, ఎవరినో ఒకరిని లేపి ఒక ప్రశ్న వేసి, ఆ తర్వాత ఎంతమంది కొనసాగుతారని అడుగుతారు. సగం చేతులు లేస్తే బ్రాంచి ఉంటుంది. లేవకపోతే గదికి తాళం, నాకు తాడేపల్లిగూడెం. అక్కడ మావయ్య ఉల్లిపాయల కొట్లో నా కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఉల్లిపాయల మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ కొట్లో అందరూ కారణం లేకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేను ఏడిస్తే కారణంతో ఏడవాలనుకున్నాను.

సోమవారం పద్నాలుగు మంది వచ్చారు. రొయ్యల మేత కొట్లలో పనిచేసేవాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా, నర్సు ట్రైనింగుకి వెళ్ళబోతున్న అమ్మాయి, చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పే టీచరమ్మ. వాళ్ళ వెనక, యాభై దాటిన ఒక రొయ్యల రైతు. ఈ వయసులో ఇంగ్లీషు ఎందుకండీ అని అడిగితే ఆయన చాలా శాంతంగా చెప్పారు. "మేత కంపెనీ వాళ్ళు నా గట్టు మీద నిలబడి, నా చెరువు గురించి, నాకు తెలియకుండా మాట్లాడుకుంటున్నారండీ."

డైరెక్టరు గారు ఇచ్చిన నోట్‌బుక్ తీశాను. ఒకే రకంగా కనిపించే మాటలు, వాటి తేడాలు. సోమవారం లుక్, సీ, వాచ్. తెలుగులో మూడూ చూడడమే, ఇంగ్లీషులో మాత్రం మూడు కాపురాలు. మంగళవారం సే, స్పీక్, టెల్, టాక్. బుధవారం హియర్, లిజన్, వాటితో పాటు ఇంకో ఆరు జతలు. నేను చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. బుధవారం సాయంత్రం బస్సులో, కైకలూరు సెంటర్లో నా విగ్రహం ఎటు తిరిగి ఉంటే బాగుంటుందో ఆలోచించాను.

గురువారం ఏడుగురు వచ్చారు.

మా వైపు మర్యాద అలాంటిది. పాఠం బాగాలేదని ఎవరూ అనరు. చాలా బాగా చెప్పారండీ, రేపు వస్తామండీ అంటారు. రావడం మానేస్తారు.

ఆ రోజు అందరూ వెళ్ళాక రైతు ఆగారు. తువ్వాలు భుజం మార్చుకుని, తప్పుగా అనుకోవద్దని రెండుసార్లు చెప్పి, అప్పుడు విషయానికి వచ్చారు.

"మేత బాగానే వేస్తున్నారండీ మాస్టారూ. చెక్ ట్రే ఎత్తట్లేదు."

నాకు అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్న నన్ను తన చెరువుకి తీసుకెళ్ళారు. చెరువంతా మేత చల్లాక, గట్టు దగ్గర వలగుడ్డ బిగించిన ఒక పళ్ళెంలో కూడా గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. అదే చెక్ ట్రే. రెండు గంటలాగి తాడు పట్టి పైకి లాగుతారు. పళ్ళెం ఖాళీగా వస్తే తరవాతి మేత పెంచుతారు, మిగిలితే తగ్గిస్తారు. ఆయన నా ముందే ట్రే ఎత్తారు. ఖాళీ. మూలన మాత్రం ఒక రొయ్య, ఇంకా వడ్డిస్తారేమోనని ఆగినట్టు ఉంది.

"మిగిలిన మేత అడుక్కి దిగి కుళ్ళిపోద్దండీ. జబ్బు అక్కణ్ణుంచే మొదలు. మీరు చెప్పిందీ మా అడుక్కే దిగుతోందండీ."

చదువుకున్నన్నాళ్ళూ మేష్టర్లు నన్ను చాలా తిట్టారు. ఇంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు.

శుక్రవారం నోట్‌బుక్ సంచిలోంచి తియ్యలేదు. నాలుగు రోజుల్లో చెప్పినదాంట్లో మీ పనిలో ఏది వాడారో చెప్పమన్నాను. ట్రే నిండా మేత అలాగే ఉంది. అందుకని లుక్, సీ, వాచ్ మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి వాళ్ళ చేతనే చెప్పించాను. గుమాస్తా ఐసు మిషను వైపు లుక్ చేశాడు, లీకు సీ చేశాడు, మెకానిక్ వచ్చేదాకా వాచ్ చేశాడు. ఆ వరసలోనే టీచరమ్మ తన క్లాసులో బల్లకింద దాక్కున్న పిల్లాణ్ణి పట్టుకుంది. గంటంతా మూడే మాటలు, ఒక్కటీ మిగల్లేదు. సాయంత్రం రైతు తన మోపెడ్ మీద, మానేసినవాళ్ళ కొట్లన్నీ తిరిగి, మాస్టారు ట్రే ఎత్తుతున్నారు రమ్మని చెప్పారట. నాకు శనివారం తెలిసింది, గదిలో పద్నాలుగు మందీ కూర్చుని ఉండగా.

డైరెక్టరు గారు టైతో సహా వచ్చారు. నోట్‌బుక్ పక్కన పెట్టించి, అందులో లేని ప్రశ్న అడుగుతానన్నారు. గదంతా చూసి, ఎవరికి రాదనుకున్నారో ఆయన్నే లేపారు. రైతుని. హోప్, ఎక్స్‌పెక్ట్, విష్, ఈ మూడింటికీ తేడా ఏమిటని అడిగారు.

మేము అది చెప్పుకోలేదు. నాకు ఉల్లిపాయల వాసన వచ్చింది.

రైతు తువ్వాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కొక్క మాటా గట్టు మీద అడుగు వేసినట్టు వేశారు.

"ఐ పుట్ సీడ్, ఐ హోప్. చెక్ ట్రే ఎంప్టీ, ఐ ఎక్స్‌పెక్ట్. వైట్ స్పాట్ కమింగ్, ఐ విష్ నో సీడ్."

సీడ్ అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలు. వైట్ స్పాట్ అంటే చెరువు మొత్తాన్ని ఊడ్చేసే జబ్బు. గదిలో ఈ రెండూ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు వ్యాకరణానికి దెబ్బలు తగిలాయి, ఒప్పుకుంటాను. అర్థానికి గీత కూడా పడలేదు. డైరెక్టరు గారు ఎక్కడ నేర్చుకున్నారని తెలుగులో అడిగారు. అంతకు ముందు ఆయన తెలుగు మాట్లాడగా నేను వినలేదు.

"కంపెనీ వాళ్ళు అంటారండీ. సీడ్ వదిలిన రోజు ఒకటి, ట్రే ఎత్తినప్పుడు ఒకటి, చెరువు పోయినప్పుడు ఇంకోటి. ఏది ఎప్పుడంటున్నారో పట్టి చూశానండీ, ఆయ్."

చప్పట్లకి కిందనున్న ఐసు కొట్టు వాళ్ళు బయటికొచ్చి పైకి చూశారు. డైరెక్టరు గారు టై వదులు చేసుకుని, ఎంతమంది ఉంటారని అడిగారు. పద్నాలుగు చేతులు లేచాయి. గుమాస్తా రెండూ ఎత్తాడు, ఒకటి దింపించాం. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద విజయాలు ఉండే ఉంటాయి. వాటికి నన్నెవరూ పిలవలేదు.

కిందికి దిగి ఎస్టీడీ బూతు నుంచి తాడేపల్లిగూడెం ఫోను చేశాను. గొంతు వీలైనంత గంభీరంగా పెట్టి, మావయ్యా, ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యండి అన్నాను.

"దాని మీద బస్తా పెట్టేశాంగదరా" అన్నాడు.

ఎప్పుడని అడిగాను.

"నువ్వు కైకలూరు బస్సెక్కిన రోజే."