చూడకుండా రాసిన రిపోర్టు

అమ్మ పోయాక గౌడవెల్లి ఇంట్లో నేనూ, బాపూ మిగిలాం. మేడ్చల్‌లో ఓ చిన్న ల్యాబులో నా ఉద్యోగం. పొద్దంతా మైక్రోస్కోపులో తల దూర్చి కూర్చునేదాన్ని. నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. ఒంటరితనం బాగా ముదిరినప్పుడు రక్తంలోని తెల్ల కణాలతో కబుర్లు చెప్పేదాన్ని, సిగ్గులేకుండా.

వాటిలో న్యూట్రోఫిల్స్ అంటే నాకు ఇష్టం. ఒంట్లోకి క్రిములు జొరబడితే పిలవకుండానే ముందు ఉరికేవి అవే. క్రిముల్ని మింగి, తామూ చచ్చి చీముగా మారతాయి. అవి చాలకపోతే ఎముకల్లోని మజ్జ ఇంకా ఎదగని పిల్ల కణాల్ని కూడా పంపేస్తుంది. అప్పుడు తెల్ల కణాల మొత్తం లెక్క మామూలుగానే కనిపించవచ్చు. రక్తం పూసిన స్లైడ్ మీద వంద కణాల్ని ఒక్కొక్కటిగా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

రద్దీ రోజుల్లో మాకో పాడు అలవాటు ఉండేది. మొత్తం లెక్క బాగుంటే, స్లైడ్ చూడకుండానే వందలో న్యూట్రోఫిల్స్ అరవై, ఇంకో రకం ముప్పై అన్నట్టు ‘అరవై, ముప్పై’ అంటూ మామూలు అంకెలు రాసేసేవాళ్లం.

బాపుకు షుగర్. పొలంలో కాలికి ఏదో గీసుకుపోయి వాచింది. ల్యాబుకు వస్తే నేనే రక్తం తీశాను. మొత్తం లెక్క బాగుంది. స్లైడ్‌కు రంగు వేసి పక్కన పెట్టాను. బయట జనం గోల చేస్తున్నారు. బాపు నాతో కొట్లాడడు కదా, తర్వాత చూద్దామనుకుని అరవై, ముప్పై రాశాను. ఆ తర్వాత మర్చిపోయాను.

“ఏం లేదు బాపూ, జల్దీ తగ్గుతది” అన్నాను.

“నువ్వు సూసినవ్ గదా బిడ్డా, ఇగ ఫికర్ లేదు” అన్నాడు. డాక్టరు దగ్గరికి కూడా పోకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజుకు పుండు కుళ్లి, పట్నంలోని పెద్దాసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. నేను ల్యాబుకు వెళ్లి ఆ స్లైడ్ వెతికి, వంద లెక్కపెట్టాను. సగం దాకా పిల్ల కణాలే. బాపు ఒళ్లు ముందే చెప్పింది. చదవాల్సింది నేను. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు డాక్టరు, “ఇన్ని రోజులు ఏం చేశారమ్మా?” అని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

“నా బిడ్డనేమనకు సారూ. రిపోర్టు మంచిగనే ఇచ్చింది. నేనే జూస్కోలే.”

ఆ తర్వాత బతికినన్నాళ్లూ, కాలు సంగతి ఎవరడిగినా ఆయన అదే మాట చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి వినేదాన్ని.