రాణమ్మ చీర కొంగు

చాయ్ తాగుకుంట ఇనుండ్రి గని, నవ్వొచ్చి మీద పోసుకోకుండ్రి. మొన్న ఆదివారం ఈ రెండు వేళ్లు నా బిడ్డ సంబంధం చెడగొట్టినంత పని చేసినయి!

పిలగాని తల్లిదండ్రులు నర్సంపేట నుంచి వచ్చిన్రు. అన్నీ కుదిరినయి, 'సరే' అనుడొక్కటే తక్వ. "జర కాకతీయుల ఖిల్లా చూసొద్దాం" అన్నరు. నా భార్య చెవుల చెప్పింది: "పిలగాని తల్లికి పట్టింపులెక్కువ. నోరు, చేతులు జర అదుపుల పెట్టుకో."

ఖిల్లాల ఇప్పుడు కండ్లకు పెట్టుకుంటే పాతకాలం కనబడే ఏఆర్ హెడ్‌సెట్ ఇస్తాండ్రు కదా, పెట్టుకున్న. అరె, ఏం చెప్పాలె! ఎదురుంగ తోరణం, కింద ఇరిగిపడ్డ రాళ్లు. చూస్తుండంగనే ఒక్కో రాయి లేచి దాని జాగల అది పోయి కూసున్నది. స్తంభాలు, మండపం, గుడి మొత్తం నిలబడ్డది! హెడ్‌సెట్ల నుంచి ఒకామె గొంతు చెవుల కథ చెప్తాంది. ఇన్నేండ్లు పక్క నుంచి బండి మీద పోయిన గని, ఈడ ఇంత గుడి ఉండేదని నా కండ్లకు ఎన్నడు ఆనలే.

అంతట్ల కాకతీయుల కాలం రాణమ్మ నడుచుకుంట వచ్చి నా ముంగట నిలబడ్డది. ఎర్ర పట్టుచీర, జరీ అంచు. ఏండ్ల సంది బట్టల దుకాణం నాది. చీర కనబడితే వేళ్లు నన్ను అడుగుతయా? కొంగు పట్టి నలిపిన. చేతికి తగిలింది!

"వారెవ్వా, టచ్ గూడ వస్తాంది!" అని అరిచిన. "ఇదీ అసలు పట్టంటే! ఏం నేత! ఇప్పుడెవడు నేస్తాండు ఇట్ల?"

"ఓ అయ్యా, ఇడువు!" నా భార్య కేక.

హెడ్‌సెట్ తీసిన. రాణమ్మ లేదు. ఆ జాగల పిలగాని తల్లి! ఫొటో దిగుదామని వచ్చి నిలబడ్డదట. ఆమె ఆకుపచ్చ కొంగు నా చేతుల. చుట్టు జనం. ఆమె భర్త గుడ్లప్పగించి చూస్తాండు. నా పానం పోయింది.

"తప్పయింది చెల్లెమ్మా! రాణిగారి చీర అనుకున్న..."

ఆమె కొంగు గుంజుకున్నది. నన్ను కిందికి మీదికి చూసి పక్కున నవ్వింది. "పెండ్లైనకాడ నుంచి ఈయన నా చీరను ఒక్కసారన్న మెచ్చుకోలే అన్నయ్యా! మాకు మీ సంబంధం ఖాయం."

హమ్మయ్య అనుకున్న.

"పెండ్లి బట్టలు గూడ ఈ చీర కొన్నకాడనే తీసుకుందాం. అసలు పట్టని మీరే చెప్పిన్రు కదా!"

"ఏ దుకాణం చెల్లెమ్మా?"

"మీ దుకాణానికి ఎదురుంగ ఉంటది చూడుండ్రి, అదే!"

ఇగ ఏం జేస్త? నిండు జనంల నేనే సర్టిఫికెట్ ఇస్తి. రేపు బిడ్డ పెండ్లిచీరకు ఎదురు దుకాణం మెట్లెక్కాలె, చేతులు జేబుల పెట్టుకొని!