నేనెన్నడూ మెట్లెక్కని పంజాగుట్ట ఆఫీసు

మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, పక్కసీటులోని అమ్మాయి ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి, "నా మాట వినపడుతోందా? ఇప్పుడు వినపడుతోందా?" అని ఎవరినో అడగడం మొదలుపెట్టింది. అవతలివాళ్లకు వినపడిందో లేదో తెలియదు గానీ, నేను మాత్రం దిగవలసిన స్టేషన్ దాటిపోయేదాకా మరో లోకంలో ఉండిపోయాను. ఆ ప్రశ్నతోనే నా రోజు మొదలై, ఆ ప్రశ్నతోనే ముగిసిన కాలం ఒకటి ఉండేది. పని నేర్చుకోవడానికి చేరే ఇంటర్న్ అంటే మన పిల్లల ఈడువాళ్లనే కదా మనం అనుకుంటాం. నేను ఇంటర్న్‌గా చేరేనాటికి నాకు యాభై దగ్గరపడుతోంది.

కరోనా వచ్చిన ఏడాది అది. మా ఇంటికి దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన నేను, బడి మూతపడి, మళ్లీ తెరుస్తారన్న ఆశ కూడా పోయి, ఎస్.ఆర్. నగర్‌లోని మా రెండు గదుల వాటాలో ఊరికే కూర్చున్నాను. మావారు అమీర్‌పేట బట్టల దుకాణంలో సేల్స్‌మన్. ఆ దుకాణం షట్టరు ఒకరోజు సగం ఎత్తితే నాలుగు రోజులు దించే ఉండేది. మా తోటి టీచర్లలో ఒకామె కూరగాయలు అమ్మిందనీ, ఒకాయన ఊరికి పోయి ఉపాధి పనికి వెళ్లాడనీ వినేవాళ్లం. విన్నప్పుడల్లా నాలో భయం కంటే పట్టుదలే ఎక్కువగా లేచేది. ఇన్నేళ్లు పిల్లలకు వ్యాసాలు రాయడం నేర్పినదాన్ని, రాతతోనే ఏదో ఒకటి చేయలేనా అనుకున్నాను.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయే ఆ ప్రకటన చూపించింది. పంజాగుట్టలో ఒక పి.ఆర్. ఏజెన్సీ ఉంది, అంటే కంపెనీల తరఫున పత్రికలకూ టీవీలకూ వార్తలు అందించే సంస్థ అన్నమాట. వాళ్లకు ఇంటి నుంచే పనిచేసే ఇంటర్న్‌లు కావాలట, తెలుగు బాగా రావాలట. వయసు ఇంత అని ఎక్కడా రాయలేదు. రాయని నిబంధనకు నేనెందుకు భయపడాలని దరఖాస్తు పెట్టేశాను. సంగతి తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేసి, "గీ వయసుల నీకు ఇంటర్న్‌షిప్ ఏంది వదినా, నవ్వుతరు జనం" అంది. నవ్వేవాళ్లంతా మాస్కుల్లో ఉన్నారు కదా, నాకెలాగూ కనపడరులే అన్నాను.

మొదటి మీటింగులో తెర నిండా చిన్న చిన్న గడులు, ఒక్కో గడిలో మా అమ్మాయి వయసు పిల్లలు. నన్ను చూసి, ఎవరో ఇంటర్న్ తాలూకు అమ్మ పొరపాటున కెమెరా ముందుకు వచ్చిందనుకుని, ఒక కుర్రాడు "ఆంటీ, జర మీ బిడ్డను పిలువరా" అన్నాడు. నేనే ఇంటర్న్‌ని నాయనా అన్నాక ఆ గడులన్నీ ఒక్క క్షణం బొమ్మల్లా ఆగిపోయాయి. నెట్ పోయిందేమోననుకున్నాను.

మా మేనేజరుకు ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. కాకినాడలో అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని హైదరాబాదు ఆఫీసును నడిపేది. నన్ను పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడి, చివరికి "టీచర్ గారూ" దగ్గర స్థిరపడింది. ఆమె కాకినాడలో, ఏజెన్సీ యజమాని పెద్దసారు ఎక్కడో శివార్లలోని తన ఇంట్లో, నేను ఎస్.ఆర్. నగర్‌లో. ఆ పంజాగుట్ట ఆఫీసుకు అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే. మా ఇంటి నుంచి నడిచిపోగలిగినంత దూరం. అయినా దాని మెట్లు నేను ఎన్నడూ ఎక్కలేదు.

ల్యాప్‌టాప్ మా అమ్మాయిది. పొద్దున నాకు, మధ్యాహ్నం తన క్లాసులకు అని పంచుకున్నాం. లోపల కుక్కరు కూతలు, టీవీ గోల ఉంటాయని, బట్టలారేసే బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తడి చీరల మధ్య కూర్చుని విలేకరులకు ఫోన్లు చేసేదాన్ని. ఏజెన్సీ నుంచి వచ్చే తెలుగు ప్రెస్‌నోట్లు చూస్తే నాకు ఎర్ర సిరా పెన్ను కోసం చేయి పీకేది. ఇంగ్లీషులో రాసి యంత్రంతో తెలుగు చేయించేవారు. "ఈ విషయం ప్రకటించుటకు మేము మిక్కిలి ఉత్తేజితులమై యున్నాము" అని ఒక పచ్చళ్ల కంపెనీ పేరుతో వచ్చిన నోటును విలేకరులు చదవకుండానే పక్కన పడేసేవారంటే వాళ్ల తప్పేముంది? నేను ఒక్కొక్కటీ తిరగరాసి పంపడం మొదలుపెట్టాను. నెమ్మదిగా అవి అచ్చు కావడమూ మొదలైంది.

అప్పుడు వచ్చింది హాస్టలక్క వ్యవహారం.

మాకు నాలుగు సందుల అవతల, అమీర్‌పేట వైపు, ఆమె ఆడపిల్లల హాస్టళ్లు నడిపేది. కోచింగుల కోసం వచ్చే పిల్లలతో కళకళలాడే సందు అది. కోచింగ్ సెంటర్లు మూతపడి పిల్లలు వెళ్లిపోగా, ఊళ్లకు పోలేని కొందరు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయారు. ఆంక్షలు సడలి మళ్లీ పిల్లలు రావలసిన సమయానికి ఫోన్లలో ఒక మెసేజ్ పాకింది. ఆ హాస్టల్లో అందరికీ కరోనా సోకిందనీ, యజమానురాలు దాచిపెట్టిందనీ. ఒక్కరు కూడా చేరలేదు. ఉన్నవాళ్ల తల్లిదండ్రులు కూడా వచ్చేయమని ఫోన్లు చేస్తున్నారు. దిక్కుతోచక ఆమె మా ఏజెన్సీని పట్టుకుంది.

పెద్దసారు చెప్పినట్టు మా మేనేజరు ఒక నోటు తయారుచేసింది. తమ హాస్టళ్లలో ఇంతవరకు ఒక్క కేసు కూడా రాలేదని దాని సారాంశం. దాన్ని మంచి తెలుగులోకి మార్చి, కింద నా ఫోన్ నంబరు వేసి, ఆ సాయంత్రంలోగా పత్రికలకు పంపడం నా పని. ఇంత దగ్గర్లో ఉండి చూడకుండా ఎలా రాయడమని, రెండు మాస్కులు కట్టుకుని నడిచి వెళ్లాను.

హాస్టలక్క నాకంటే పదేళ్లు పెద్దది. గేటు లోపలే నిలబడి, నన్ను బయటే ఉండమంది. ఒక్క కేసు కూడా రాలేదట కదా అక్కా అని అడిగితే, ఎటో చూసి, "ఒక్క పిల్లకొచ్చింది. నేనేం దాయలే. వాళ్లమ్మకు గప్పుడే ఫోన్ జేసిన, తక్కిన పిల్లలకు సుత చెప్పిన. పైన నా అర్రల పండవెట్టి నేనే జూసుకున్న. ఇగో, గామెనే" అని పైకి చూపించింది. మేడ మీద ఒక బక్కపల్చని అమ్మాయి పుస్తకం చదువుకుంటూ పచార్లు చేస్తోంది.

ఆ సంగతే రాద్దామన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. "రాస్తె ఉన్నోళ్లు సుత పోతరు టీచరమ్మా. మూడు బిల్డింగులకు కిరాయి గట్టాలె నేను." ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. తర్వాత ఆమే అడిగింది, "నీ బిడ్డనైతే నువ్వు యాడ ఉంచుతవు?"

నేను పెద్దగా ఆలోచించలేదు. జ్వరం రాని చోటంటూ ఇప్పుడు ఎక్కడా లేదక్కా, జ్వరమొస్తే నాకు ఫోన్ చేసి చెప్పే చోట ఉంచుతాను అన్నాను. ఆమె గేటు కమ్మీ వదిలి మేడ మీది పిల్ల వైపు చూసింది. చివరికి ఆ పిల్ల తల్లి ఒప్పుకుంటే రాయమంది.

ఇంటికి వచ్చి మేనేజరుకు ఫోన్ చేస్తే ఆమె కంగారుపడింది. "ఏంటి టీచర్ గారూ ఇది? సార్ ఓకే చేసేశారండీ. ఇంటర్న్‌గా ఉండి మీరు పంపనంటే నేనేం చెప్పాలి ఆయనకి?" ఆ ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒకరినే ఉద్యోగంలోకి తీసుకుంటామని చెప్పి ఉన్నారు. నేను ఆ ఒక్కరిని కావాలని ఎంతగా అనుకున్నానో నాకు తెలుసు. అయినా ఆ నోటు నా చేతుల మీదుగా పోదని చెప్పాను. కోపంగా కాదు. ఇన్నేళ్లు క్లాసులో నిలబడిన గొంతుతో మెల్లగానే చెప్పాను. నాకు ఒక గంట టైమిస్తే ఇంకో నోటు రాస్తాననీ, అది నచ్చకపోతే నన్ను తీసేయమనీ అన్నాను. ఆమె నిట్టూర్చి, "గంటేనండీ" అంది.

ఆ అమ్మాయి తల్లిది నల్లగొండ వైపు పల్లెటూరు. పత్తి చేలో ఉండి ఫోన్ ఎత్తింది. నేనెవరో, ఏం రాయాలనుకుంటున్నానో చెప్పి, మీకు ఇష్టం లేకపోతే రాయనన్నాను. "నా బిడ్డకు జొరమొస్తె నేను పోలేకపోయిన మేడమ్. బస్సుల్లేకపాయె. దినాం పొద్దున, మాపున గా అక్కనే వీడియోల జూపిచ్చేది. ఎందుకు రాయొద్దు? రాయుండ్రి. మళ్ల ఆడనే ఉంచుత అని సుత రాయుండ్రి" అని ఆమె ఏడ్చింది. బాల్కనీలో చీరల మధ్య నేనూ ఏడ్చాను.

నోటులో నేను చేసిందేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాసి, ఆ తల్లి మాటలు ఆమె యాసలోనే ఉంచాను. పెద్దసారు మొదటిసారి తనే మీటింగులోకి వచ్చి, క్లయింటు వెళ్లిపోతే బాధ్యత ఎవరిదని అడిగాడు. మా మేనేజరు తన మైకు ఆన్ చేసి, "నాది సార్" అంది. ఆమె అలా అంటుందని నేను ఊహించలేదు. ఇంతలో హాస్టలక్క కూడా ఫోన్‌లోంచి కలిసింది. కెమెరా ఆమె ఇంటి సీలింగు ఫ్యాన్‌ను చూపిస్తుండగా గొంతు మాత్రం వినపడింది. "గదే పంపుండ్రి సార్. అబద్ధమాడితే గా పిల్ల మొఖం నేనెట్ల జూడాలె?"

నోటు వెళ్లింది. ఒక పత్రికలో సిటీ పేజీ అడుగున, ఒక ప్రకటన పక్కన వచ్చింది. మర్నాడు ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ తర్వాత ఒక విలేకరి గేటు దాకా వచ్చి ఆ పిల్ల ఫోటో తీసుకుని, పెద్ద కథనం రాశాడు. దాంతో మెసేజ్‌లు ఆగిపోయాయని చెప్పను. ఉన్నవాళ్లలో ఇద్దరు వెళ్లిపోయారు కూడా. కానీ నెల తిరిగేలోపు ఊళ్ల నుంచి తల్లులు ఫోన్ చేసి, జ్వరమొస్తే చెప్పే అక్క మీరేనా అని అడగడం మొదలుపెట్టారట. మూడు భవనాల్లో ఒకటి వదిలేయక తప్పలేదు. మిగతా రెండూ నిలబడ్డాయి. ఆ ఒక్క ఉద్యోగం కూడా నాకే వచ్చింది. ఉత్తరం మెయిల్లో వచ్చిన రోజు మావారు దుకాణం నుంచి ఒక కాటన్ చీర తెచ్చి, ఆఫీసుకు కట్టుకోమన్నారు. ఏ ఆఫీసుకు అని ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకంటే అప్పటికే పంజాగుట్ట ఆఫీసును ఖాళీ చేసేశారు.

మా మేనేజరును నేను ఒకే ఒక్కసారి చూశాను, తన పెళ్లి బట్టల కోసం ఆమె హైదరాబాదు వచ్చినప్పుడు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఒకరి కోసం ఒకరం వెతుక్కున్నాం. ఆమె ఫోన్ తీసి "టీచర్ గారూ, ఎక్కడున్నారండీ?" అనగానే ఆ గొంతు నా భుజం దగ్గరే వినపడింది. అంత పొట్టి పిల్ల అని తెరమీద తెలియనే తెలియలేదు. నడిరోడ్డు మీద కౌగిలించుకున్నాం.

నేను ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. అమీర్‌పేట సందులు మళ్లీ పిల్లలతో నిండిపోయాయి. హాస్టళ్లకు యాప్‌లు వచ్చాయి, గేటు దగ్గర వేలు పెడితే తలుపు తెరుచుకుంటుంది. హాస్టలక్క మోకాళ్లు సహకరించక అన్నీ అప్పగించేసి తమ్ముడి దగ్గరకు వెళ్లిపోయింది. పనిలోనూ వేగం పెరిగింది. మధ్యాహ్నంలోగా అయిదారు నోట్లు వెళ్లిపోతాయి, ఎవరితోనూ ఏ వాక్యం గురించీ పేచీ పడాల్సిన అవసరం రాదు. పేచీ పడే తీరిక ఎవరికీ లేదు. ఒక్క నోటు కోసం కాకినాడ నుంచి నల్లగొండ దాకా ఇందరు ఆడవాళ్లం ఒక మధ్యాహ్నమంతా కొట్లాడామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

హాస్టలక్క అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మందుల సంగతీ, తమ్ముడి మనవరాలి సంగతీ అయ్యాక, "ఇంకా అబద్ధాలు రాయమంటుండ్రా టీచరమ్మా?" అని అడుగుతుంది. అడుగుతుంటరక్కా అంటాను. "మరి?" అంటుంది. రాస్తలేనక్కా అంటాను. సరే, పైలంగ ఉండు అని ఫోన్ పెట్టేస్తుంది. నేను గేటు దాకా వెళ్లి చూసి రాసిన నోటు ఈమధ్య ఒక్కటీ లేదని గుర్తొచ్చి, ఆ తర్వాత కొంచెంసేపు నాకు ఏ పనీ సాగదు.