పత్తి చేలో దాచిన పత్తికాయ

మా ఆయన పత్తి చేను గట్టు మీద నిలబడి నన్ను తిట్టిన తిట్లు పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళందరికీ వినబడ్డాయట. "పత్తి చేలో పత్తికాయ దాస్తావా? నీకసలు బుద్ధుందా?" అని ఫోన్లో ఒకటే అరుపు. నేను కుట్టుమిషను మీద తల ఆనించి ఏడ్చాను, సంతోషంతోనే. దసరా ముందు నుంచీ గేటు దాటని మనిషి చేను దాకా నడిచి వెళ్ళి మరీ నన్ను తిడుతున్నారు. అంతకన్నా ఏం కావాలి నాకు?

అసలు సంగతి మొదటినుంచీ చెప్పాలి. మాది అద్దంకి దగ్గర పల్లె. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఆయనకు మిరపా పత్తీ సేద్యం. మా మిరప చేను సాగర్ కాలవ కట్ట దారిలో ఉంది. ఆ ఏడు వినాయక చవితి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, నేను అన్నం క్యారేజీ తీసుకెళ్ళి ఇద్దరం కలిసి తిరిగొస్తుంటే, కట్ట మీద తూము దగ్గర ఆయన ఉన్నపళంగా కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమట. గాలాడుతుందని చొక్కా పట్టుకుని చించేశాను. బొత్తాలు ఎటుపోయాయో తెలీదు. నేను అరిచిన అరుపుకి అవతలి గట్టున ట్రాక్టరు ఆగింది. గుంటూరు ఆసుపత్రిలో గుండెకు స్టెంటు వేసి, "ప్రాణానికి భయం లేదు, కానీ మందులు సగం పని చేస్తాయి, నడక మిగతా సగం. నడవకపోతే నేను చేసిందంతా దండగే" అని డాక్టరుగారు ఇద్దరికీ వినబడేలా చెప్పి పంపించారు.

ఇంటికొచ్చాక మా తోటికోడలు ఊరుకోలేదు. "ఆ చోటు మంచిది కాదక్కా, దిష్టి తీసి అక్కడే కొట్టిరా" అంది. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి ఆయన చుట్టూ తిప్పి, తూము దగ్గరికి తీసుకెళ్ళి పగలగొట్టాను. దిష్టి తీసి పారేశాక వెనక్కి తిరిగి చూడకూడదని మా వైపు పట్టింపు. నేను చూడలేదు. తల దించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చేశాను.

ఆయనేమో నవారు మంచం ఎక్కారు. దిగమంటే దిగరు. "నడిస్తే మళ్ళీ పట్టేస్తుందే" అంటారు, ఛాతీ మీద చెయ్యి వేసుకుని. మిరప చేను మా మరిదికి అప్పగించేశారు. నేను బతిమాలాను, అరిచాను, ఒకపూట అన్నం మానేశాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. రాత్రీ పగలూ నాకు ఒకటే దిగులు: ఈ మనిషి ఈ మంచం మీదే కూర్చుని కూర్చుని నాకు దక్కకుండా పోతాడేమోనని.

దారి చూపించింది అద్దంకి బ్యాంకులో పనిచేసే అమ్మాయి. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, తను ఆదివారాలు ఆడే ఆట గురించి చెప్పింది. జియోకాషింగ్ అట. ఒకరు చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తు ఫోన్లో పెడతారు. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని నడిచివెళ్ళి వెతకాలి. ఫోను ఆ దగ్గరికి తీసుకెళుతుందే కానీ, సరిగ్గా డబ్బా మీద వేలు పెట్టి చూపించదు. అందుకని డబ్బాకి వేషం వేస్తారట. రాయిలా, బల్లిలా, ఎండుకొమ్మలా. మనిషి చూసి కూడా దాటిపోవాలి.

"పెద్దవాళ్ళు ఆడతారా ఇది?" అన్నాను.

"పెద్దవాళ్ళే ఆంటీ ఎక్కువ" అంది.

మా ఆయనకు పట్టుదల ఎక్కువ. చీట్లపేకలో ఓడిపోతే అన్నం సయించని రకం. ఆ అమ్మాయి వెళ్ళేలోపే ఫోన్లో లొకేషన్ పంపడం ఎలాగో నేర్చేసుకున్నాను.

మొదటిది ఆ పత్తికాయ. హోమియో మాత్రల బుల్లి సీసా తీసుకుని, అందులో నా కుట్టుపెట్టెలోని బొత్తాం ఒకటి వేసి మూత పెట్టి, చుట్టూ దూది అతికించి, ఎండిన పత్తికాయ దొప్పలో కూర్చి, ఊదారంగు దారంతో డొంక పక్క మా చేలో పత్తి మొక్కకి కట్టాను. ఆయన చేతికి ఫోనిచ్చి, "ఆ చుక్క దగ్గర బొత్తాం దాచాను. తెచ్చారా, మీరు మొనగాడు. లేదా, నేను మొనగత్తెనని ఊరంతా చెప్పుకుంటాను" అన్నాను. అన్నప్పుడు నవ్వి ఊరుకున్నారు. మర్నాడు పొద్దున చూద్దును కదా, మంచం ఖాళీ. ఆ తరవాతే ఆ తిట్లు.

చివరికి పట్టేశారు. ఇంటికొచ్చి బొత్తాం మిషను మీద టక్కున పెట్టి, "ఎండుటాకు నలుసు ఒక్కటి కూడా అంటని పత్తి మన ఊళ్ళో ఎక్కడుందే? వేషం వేస్తే పూర్తిగా వెయ్యాలి" అన్నారు. ఆయాసపడుతున్నారేమోనని నేను ముఖంలోకి చూస్తున్నాను. ఆయనకు ఆ ధ్యాసే లేదు.

అక్కణ్ణుంచి నాకు అదే పిచ్చి పట్టుకుంది. జాకెట్లు ఆలస్యమవుతున్నాయని ఊళ్ళో ఆడవాళ్ళు సణిగారు, సణగనిమ్మన్నాను. నా పుట్టిల్లు చీరాల, మగ్గాల ఇల్లు. మగ్గం నాడెలో నూలు చుట్టి వేసే బోలు పుల్లలు, కండెలు, మా అమ్మ పెట్టెలో ఇంకా ఉంటే ఒకటి తెచ్చి, దాని బోలులో బొత్తాం దూర్చి, నూలు చుట్టి, డొంక పక్క కంచెలో వేలాడేశాను. గాలికి కొట్టుకొచ్చిన దారపుండ అనుకుని ఆయన రెండుసార్లు దాటిపోయారట. పాత సున్నపు డబ్బీని, గిజిగాడు వదిలేసిపోయిన గూట్లో పెట్టాను. ఆ గూడు దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకి, మెట్ల మీద నిలబడితే చేతికందేలా వేలాడుతుంటుంది. అది దొరికిన రోజు ఆయన బొత్తాం సంగతే మర్చిపోయి, "ఏం కట్టిందే ఆ పిట్ట! ఒక్క పోగు వదులు లేదు. నీ కుట్టు కూడా అంత బిగువు ఉండదు" అని నా మీద పడ్డారు. ఎర్ర శాటిన్ గుడ్డతో మిరపకాయ కుట్టి, ఎవరిదో కల్లంలో ఆరబోసిన కాయల అంచున పెడితే మాత్రం, దూరం నుంచే చూసి పట్టేశారు. మిరపకాయలతో ఆయనకు పందెమా, నాకు బుద్ధిలేదు.

తెచ్చిన బొత్తాలన్నీ చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. నడుస్తుంటే చప్పుడు. ఆ చప్పుడు వీధి మొదట్లో వినబడితే నేను పొయ్యి మీద టీ పెట్టేదాన్ని.

ఒక్కసారి మాత్రం నా తెలివి తెల్లారింది. కుంకుమ భరిణెకి పసుపు రంగు వేసి నిమ్మకాయను చేశాను. అచ్చం నిమ్మకాయే. ఇంకా ముచ్చటగా ఉంటుందని పైన కుంకుమ బొట్టు పెట్టి, డొంక మీద మూడు దారులు కలిసేచోట ఒక పక్కగా పెట్టి వచ్చాను. వేషం మీద ఉన్న ధ్యాస, అది ఎక్కడ పెడుతున్నానో అన్న దాని మీద లేదు. ఆ పొద్దున ఆయన రావాల్సిన వేళకి రాలేదు. ఎండ ఎక్కింది, ఫోను ఎత్తరు. గేటు పట్టుకుని నిలబడిపోయాను. తీరా చూస్తే చెప్పులకి, పంచెకి నల్లరేగడి మట్టి దిబ్బలు కట్టుకుని, చేలకి అడ్డంపడి వస్తున్నారు.

"మూడు దార్ల దగ్గర ఎవరో నిమ్మకాయ పెట్టారే! దాన్ని దాటకూడదని చేలమ్మటపడి చుట్టు తిరిగొచ్చా. నీ డబ్బా సంగతి రేపు చూద్దాం."

నేను లోపలికెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఇంతలో పత్తి కూలీల ఆటో వెనక్కి వచ్చింది. ఆడవాళ్ళంతా దిగి, "అమ్మో, మేం ఆ దారిన రాం" అని గోల. పాలవాడు అప్పటికే వెనక్కి తిరిగిపోయాడట. ఇంక తప్పక ఆయనతో సహా అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళి, వాళ్ళు దూరం నుంచి చూస్తుండగా ఆ నిమ్మకాయను చేత్తో తీశాను. "ఒసే వద్దే, పిన్నీ వద్దు" అని కేకలు. మూత తిప్పి లోపలి బొత్తాం చూపించాను. ఆ తరవాత నవ్విన నవ్వులు నా జన్మలో మర్చిపోను. మా ఆయన గట్టు మీద కూర్చుని, కడుపు పట్టుకుని మరీ నవ్వారు. "ఇంతకీ ఇవాళ ఎంత దూరం నడిచానో చూశావా? రోజూ నడిచేదానికి రెండింతలు" అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అంత పగలబడి నవ్వడం అదే మొదలు.

మాఘమాసంలో గుంటూరు వెళితే డాక్టరుగారు చూసి సంతోషించారు. ఇంకొంచెం దూరం పెంచమన్నారు. బస్సులో ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. "మన చేలో కూడా పండి ఉంటాయి" అన్నారు. నేను మాట మార్చేశాను.

నాలుగు రోజులు పోయాక, జాకెట్టుకి చంకలు కత్తిరిస్తుంటే నా ఫోను మోగింది. మా ఆయన దగ్గర్నుంచి లొకేషన్. నాకు నవ్వొచ్చింది. ఈయన కూడా డబ్బా దాచారన్నమాట అనుకుంటూ తెరిచాను. చుక్క కాలవ కట్ట మీద ఉంది. తూము దగ్గర.

కత్తెర వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. ఎప్పుడు వెళ్ళారు? ఒంటరిగా వెళ్ళారా? అక్కడ మళ్ళీ ఏమన్నా అయితే?

"నేను వెళ్ళను" అన్నాను ఆయన ఇంటికి రాగానే.

"వెళ్ళకపోతే నేనూ గేటు దాటను. నువ్వు వెళ్ళి తెస్తేనే రేపట్నుంచి నడక" అన్నారు. అని మంచం మీద కూర్చున్నారు.

"ఏమండీ, ఆ చోటు వద్దండి. ఇంకెక్కడైనా పెట్టండి."

ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు. "ఇన్ని డబ్బాలు దాచావు గదా. అన్నీ డొంక దారిలోనే. కాలవ కట్ట మీద ఒక్కటి పెట్టావా? ఇంతకీ భయం నాదా, నీదా?"

ఆయన కోసమే ఆ దారి తప్పించాననుకున్నాను అన్నాళ్ళూ. నిజానికి కాలవ వైపు చూడాల్సి వస్తుందని నేను డాబా మీద బట్టలారెయ్యడం కూడా మానేశాను.

సాయంత్రం చెప్పులేసుకుని బయల్దేరాను. తూము కనబడుతుంటే అక్కడే ఆగిపోదామనిపించింది. ఆగితే రేపు ఆయన నడవరు. ఆ ఒక్క మాటే పట్టుకుని నడిచాను.

తూము దగ్గర కట్ట వాలు కనబడటం లేదు. దాన్నంతా గుమ్మడి పాదు కప్పేసి ఉంది. నేను దిష్టి తీసి పగలగొట్టిన కాయలోని గింజలే. కాలవ చెమ్మకి మొలిచి, అల్లుకుని, బూడిద పట్టిన కాయలు పొర్లుతున్నాయి. ఒక్కటి కూడా ఎవరూ కొయ్యలేదు. దిష్టి కాయ నుంచి మొలిచిన పాదు, ఎవరు ముట్టుకుంటారు?

గుమ్మడికాయల్లో గుమ్మడికాయ. నాకు అర్థమైపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కాయే తడిమాను. చేతుల నిండా తెల్లటి బూడిద. పిందెలు, ముదురు కాయలు, ఆకుల కింద దాక్కున్నవి. ఎంతసేపు వెతికానో తెలీదు కానీ, వెతుకుతున్నంతసేపూ నేను ఏ చోట కూర్చున్నానో గుర్తే రాలేదు. ఒక కాయకి తొడిమ చుట్టూ సన్నటి కోత కనిపించింది. ఊడకుండా తుమ్మముళ్ళు గుచ్చి ఉన్నాయి. ముళ్ళు లాగి మూత తీశాను.

లోపల తమలపాకులో చుట్టి ఒక బొత్తాం ఉంది. నా కుట్టుపెట్టెలోది కాదు. తెల్లది, మట్టి పట్టి పసుపెక్కింది. నాలుగు కన్నాల్లో ఇంకా నేను కుట్టిన దారం ఉంది. ఆ రోజు నేను చించేసిన చొక్కాది.

ఇక్కడ కూర్చుని మట్టిలో వెతికి ఉంటారు. నా కోసం. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమే, దొరికిందా?" అని వెనకనుంచి వినబడింది.

నా వెంటే వచ్చారన్నమాట, చప్పుడు కాకుండా, జేబులో బొత్తాలన్నీ ఇంట్లోనే వదిలేసి.

నేను వెనక్కి తిరిగి చూశాను. తూము గట్టు మీద, అప్పుడు పడిపోయిన చోటే, రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నారు. ఆయాసం లేదు.

"రెండు కాయలు కొయ్యి, వడియాలు పెట్టుకుందాం" అన్నారు.