మల్లేశం గిర్నిలో మేము పెట్టిన టోకెన్లు

2023, వానాకాలం. సికింద్రాబాద్‌లో ఒక చిన్న బిజినెస్ స్కూల్‌లో నేను ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెబుతాను. ఏ పని ఏ వరుసలో చేస్తే టైమూ సరుకూ వృథా కావో నేర్పే సబ్జెక్టు అది. అంతకుముందు ఆరేళ్లు ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్లానింగ్ చూశాను. అందుకని నాకు తెలియని మెషీన్ లేదని నాకో పొగరు. అదెలా దిగిందో చెబుతాను.

మా రెండో ఏడాది పిల్లలకు లైవ్ ప్రాజెక్ట్ ఉంటుంది. నలుగురు ఒక జట్టుగా ఆరు వారాలు ఏదో ఒక చిన్న వ్యాపారంలో కూర్చుని, అక్కడి పని గమనించి, ఒక మార్పు చేసి చూపించాలి. వీధిలో నేర్చుకునేది ఏసీ గదిలో రాదని ప్రిన్సిపాల్‌తో దెబ్బలాడి మరీ పెట్టించాను. నా నోరు అలాంటిది లెండి.

ఆ ఏడాది మౌనిక జట్టుకు సీతాఫల్‌మండిలో ఒక పిండి గిర్ని దొరికింది. మౌనికది సిద్దిపేట వైపు ఊరు, కార్ఖానా ఏరియాలో హాస్టల్‌లో ఉండేది. చురుకైన పిల్ల. ఒక మాట అంటే రెండు అప్పజెప్పే రకం. గిర్ని యజమాని మల్లేశం గారికి అరవై దాటాయి. జనం పొద్దున్నే డబ్బాలు తెచ్చి గోడవారగా పెట్టి వెళ్లిపోతారు, సాయంత్రం వచ్చి పిండి పట్టుకెళ్తారు. కారం మిషన్ వేరు. మిగతా గింజలన్నిటికీ ఒకటే మిషన్.

మొదటి వారంలోనే పిల్లలు ఒక "సమస్య" కనిపెట్టేశారు. మల్లేశం గారు డబ్బాలు వచ్చిన వరుసలో పట్టరు. ఆరింటికే గోధుమలు తెచ్చినవాళ్లు చివరిదాకా ఆగాలి, పదింటికి జొన్నలు తెచ్చినవాళ్లకు ముందే అయిపోతుంది. పైగా సోమవారం సోమవారం ఒక డబ్బా వస్తుంది. అది వచ్చేదాకా ఆగి, అందరికన్నా ముందు దాన్నే పడతారు. రిపోర్టులో మౌనిక "తెలిసినవారి పట్ల పక్షపాతం" అని రాసింది. పరిష్కారం ఫస్ట్ కమ్ ఫస్ట్ సర్వ్, అంటే ముందొచ్చినవారికి ముందు. డబ్బాకో టోకెన్.

మల్లేశం గారు ఒక్కసారి అడ్డం చెప్పారట. "వరుస తప్పితే పిండిల పిండి కలుస్తది గద బిడ్డా?"

"మధ్యమధ్యల బ్రష్ కొడ్తం తాతా," అంది మౌనిక.

"సరే తియ్. చదువుకున్నోళ్లు, మంచికే చెప్తరు."

రెండో వారం చివర్లో, టోకెన్లు మొదలైన మర్నాడు నేను వెళ్లి ఇరవై నిమిషాలు నిలబడి చూశాను. పసుపు రంగు టోకెన్లు, అట్టముక్క మీద ముచ్చటైన అక్షరాలు. "శభాష్!" అని సంతకం పెట్టేశాను. జనం కూడా బాగుందన్నారు.

మూడో వారంలో మల్లేశం గారు కంటి శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లారు. ఆ వారం భార్య సత్తెమ్మ గారు, మా పిల్లలు గిర్ని నడిపారు. సోమవారం ఆ డబ్బా వచ్చింది. సత్తెమ్మ గారు చెప్పింది కూడా: "మిషన్ మొత్తం తుడిచి గిది ముందుగాల పట్టుమన్నడు బిడ్డా, మా ఆయన."

"ఎందుకట అమ్మమ్మా?"

"నాకెరుక లేదు. చెప్పిండు, గంతే."

"ఒక్కలకు ఇస్తే అందరూ అడుగుతరు. రూల్ అంటే రూల్," అని మౌనిక దానికి పదకొండో టోకెన్ వేసింది. పదో డబ్బాలో గోధుమలు. బ్రష్ కొట్టారు, నిజమే. పైపైన.

శుక్రవారం నేను రివ్యూకి వెళ్లాను. మల్లేశం గారు నల్లద్దాలు పెట్టుకుని అప్పుడే వచ్చి కూర్చున్నారు. అంతలో ఒకావిడ లోపలికి వచ్చింది. పద్మారావు నగర్‌లో ఉంటారు, పేరు సునీత, మాట గోదావరి వైపుది. ఆ సోమవారం డబ్బా ఆవిడదే.

"మల్లేశం గారూ, మొన్న మా జొన్నపిండి దేని తర్వాత ఆడించారండీ?"

ఆయన లేచి నిలబడ్డారు. "ఏమైందమ్మా?"

"హాసినికి మళ్లీ వచ్చిందండీ. వాంతులు. రెండు రోజులు సెలైన్ పెట్టారు. నిన్న సాయంత్రమే ఇంటికి తీసుకొచ్చాం."

హాసిని ఆవిడ కూతురు, ఆరేళ్లు. ఆ పాపకి గోధుమ పడదు. రవ్వంత తగిలినా కడుపు ఉబ్బి మంచం పడుతుంది. అందుకే మల్లేశం గారు సోమవారం పొద్దున్నే మిషన్ విప్పి, లోపల మూలమూలా తుడిచి, దోసెడు బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పారబోసి, అప్పుడు ఆవిడ జొన్నలు పోస్తారు. రెండేళ్లుగా ఇదే పద్ధతి.

 మౌనిక చేతిలోని టోకెన్ల కట్ట పక్కన పెట్టేసింది.

"తప్పు నాదే తల్లీ. గిర్ని నాది," అన్నారు మల్లేశం గారు.

"కాదు ఆంటీ," అంటూ మౌనిక ముందుకొచ్చింది. "తాత లేకుండె. అమ్మమ్మ చెప్పింది. నేనే ఇనలే."

సునీత కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆవిడ నెమ్మదిగా అంది: "ఎవరి తప్పో తేల్చుకుందామని రాలేదమ్మా. ప్యాకెట్ పిండి కూడా పడలేదనే ఇక్కడికొచ్చాం. ఇక రేపట్నుంచి దానికి ఏం పెట్టను? ఎక్కడ ఆడించను?"

 ఆవిడ వెంట తెచ్చుకున్న ఖాళీ డబ్బాతోనే వెళ్లిపోయింది.

నేను మౌనిక మీద విరుచుకుపడ్డాను, నడివీధిలో, అందరి ముందు. "చదవేస్తే ఉన్న మతి పోయిందటే! ఎందుకు అని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని ఇష్టం వచ్చినట్టు అరిచాను.  మల్లేశం గారు నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు:

"జెర ఆగుండ్రి మేడం. మీరు గూడ చూసి సంతకం పెట్టిండ్రు గద."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్యాక్టరీలో మేం చేసేది కూడా అదే కదా! ఒక రకం బిస్కెట్ నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు లైన్ ఆపి కడిగే పనిని చేంజ్ ఓవర్ అంటాం. అది తక్కువసార్లు పడేలా సరుకుని వరుస పెట్టడమే ప్లానింగ్. మల్లేశం గారు ముందు జొన్నలు, తర్వాత బియ్యం, తర్వాత శనగపప్పు, అంటుకునే గోధుమలు ఆఖరికి పడుతున్నారు. నేను ఏటా మూడు క్లాసులు చెప్పే పాఠం నా కళ్లెదుట గిర్రున తిరుగుతుంటే, పసుపు రంగు టోకెన్లు చూసి మురిసిపోయి వచ్చాను.

ఆ సాయంత్రం మౌనికకు క్షమాపణ చెప్పాను. ఆదివారం ఇద్దరం సునీత ఇంటికి వెళ్లాం. పాప సోఫాలో పడుకుని బొమ్మలు గీస్తోంది, చేతికి సెలైన్ పెట్టిన చోట ఇంకా ప్లాస్టర్ ఉంది. సునీత టీ ఇచ్చింది. మౌనిక "మళ్ళ గిర్నికి రండి" అని అడగలేదు. ఇంట్లో ఏమేం వేరుగా ఉంచుతారని అడిగింది. పెనం వేరు, జల్లెడ వేరు, అప్పడాల కర్ర వేరు అని ఆవిడ చెబుతుంటే అన్నీ రాసుకుంది. లేచేటప్పుడు సునీత అంది: "నీ మీద కోపం లేదమ్మా. నమ్మాలంటేనే భయంగా ఉంది."

టోకెన్లు తీసేశారు. మౌనిక రోజూ ఆరింటికి కార్ఖానా నుంచి బస్సెక్కి వచ్చి మల్లేశం గారి దగ్గర మిషన్ విప్పడం, తుడవడం, బిగించడం నేర్చుకుంది. జట్టులో మిగతా ముగ్గురూ గింజల వరుసను పెద్దక్షరాలతో గోడకు రాశారు, ఏది ఎందుకు ముందో కూడా. గోధుమలవాళ్లు చదివి, "అట్లనా, మాకెవ్వలు చెప్పలే" అని సణగడం మానేశారు. ప్రాజెక్ట్ గడువు ముగిసింది. సునీత మాత్రం రాలేదు. పాపకి అన్నమే పెడుతున్నారని, రొట్టె కావాలని ఏడుస్తోందని ఎవరో చెప్పారు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగారు, "మీ జట్టు ఏం మెరుగుపరిచింది?" అని.

"చెడగొట్టినం సార్," అంది మౌనిక. "ఒక పాప దవాఖానల పడ్డది. మళ్ళ ఎట్లుండెనో అట్ల చేసినం. గదే మా ప్రాజెక్ట్."

మార్కులు పోయాయనుకున్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "మొదటి నుంచి చెప్పమ్మా," అన్నారు. పది నిమిషాల వైవా ముప్పావుగంట సాగింది. ఆ ఏడాది ఎక్కువ మార్కులు ఆ జట్టుకే వేశాం, ఇద్దరం ఒక్క మాట మీద.

గడువు ముగిశాక కూడా మౌనిక సోమవారాలు గిర్నికి వెళ్లడం మానలేదు. నాలుగో సోమవారం సునీత వచ్చింది, పాపని వెంటబెట్టుకుని. డబ్బా మౌనిక చేతికిచ్చింది.

"నువ్వే ఆడించు. నేను నిలబడి చూస్తాను."

 మౌనిక మిషన్ విప్పింది, తుడిచింది, సునీతకు చూపించింది. మళ్లీ తుడిచింది. బియ్యం ఒకసారి కాదు, రెండుసార్లు ఆడించింది. మల్లేశం గారు స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నారు.

బుధవారం నేను క్లాసులో ఉండగా మౌనిక తలుపు దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "మేడం! పాపకు ఏం కాలేదట. మూడు రొట్టెలు తిన్నదట. ఇంకోటి కావాలని లొల్లి చేస్తుందట!" అని చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను. డెబ్భై మంది పిల్లల ముందు. సిగ్గేం పడలేదు.

ఇప్పుడు మా లైవ్ ప్రాజెక్టుల్లో మొదటి రెండు వారాలు సలహాలు నిషేధం. చూడాలి, "ఎందుకు" అని అడగాలి, అంతే. ఇంతకాలం పాఠాలు చెప్పిన నాకు ఈ పాఠం నేర్పినందుకు మల్లేశం గారికీ, మమ్మల్ని రెండోసారి నమ్మిన ఆ తల్లికీ రుణపడి ఉన్నాను. ప్రతి బ్యాచ్‌నీ మొదటిరోజు ఆ గిర్నికే తీసుకెళ్తాను. పోయినసారి ఒక కుర్రాడు అడిగాడు, "అంత ముఖ్యమైన సంగతి మీరే ముందు చెప్పొచ్చు కదా తాతా?" అని.

మల్లేశం గారు చేతులకంటిన పిండి దులుపుకుని నవ్వారు. "నువ్వు అడిగితే చెప్త బిడ్డా. అడగకుంటే, గది నాకు తెల్సని నాకే తెల్వదు."