జడ అంచు కజ్జికాయలు

నా చిన్నప్పుడు, డెబ్బైలలో, మేము పటమటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న, నాయనమ్మ, అమ్మ, నేను, నాకన్నా ఆరేళ్ళు చిన్నదైన చెల్లి. మా వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి పెరడంతా కనిపించేది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డు.

దీపావళికి రెండు రోజుల ముందు అమ్మ కజ్జికాయలు చేసేది. కజ్జికాయలు అందరిళ్ళల్లోనూ చేసేవారు. అయితే చెక్క అచ్చులో పెట్టి నొక్కేవారు, లేదా చక్రంతో అంచు కోసేవారు. అమ్మ ఆ రెండూ ముట్టుకునేది కాదు. పూర్ణం పెట్టి మడిచిన అంచుని బొటనవేలితోనూ చూపుడువేలితోనూ చిన్న చిన్న మడతలుగా తిప్పుకుంటూ పోయేది. పూర్తయ్యేసరికి అంచంతా సన్నటి జడ అల్లినట్టుండేది. లోపల ఎండుకొబ్బరి, నువ్వులు, బెల్లంతో పాటు కాస్త శొంఠి పడేది. తీపి గొంతు దిగాక వెనకాలే సన్నగా ఘాటు తగిలేది. అది మైలవరంలో మా అమ్మమ్మ చేతి వంట. ఆవిడ నేను పుట్టకముందే పోయింది.

నేర్పమని ప్రతి ఏడూ అమ్మ వెంటపడేదాన్ని. "ఇంకా నీ వేళ్ళు చిన్నవే తల్లీ, మడత నిలవదు. రెండేళ్ళు ఆగు" అనేది. పిండిముద్ద ఒకటి నా చేతికిచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. నేను దాన్ని నలిపి నల్లగా చేసేదాన్ని.

పక్కింట్లోకి కొత్తగా పెళ్ళైన ఒక అక్క వచ్చింది. బళ్ళో టీచరు. చిన్నప్పుడే తల్లి పోతే హాస్టళ్ళలో పెరిగిందట. అన్నం, కూర తప్ప పిండివంటలేవీ రావు. పెళ్ళైన తరువాత మొదటి క్రిస్మస్‌కి అత్తగారివాళ్ళు వస్తున్నారని, ఒక సాయంత్రం గోడ దగ్గర నిలబడి అమ్మని అడిగింది. "వదినగారూ, ఒక్క పిండివంటైనా నేర్పుదురూ. వాళ్ళ ముందు బజారు మిఠాయి పెట్టాలంటే సిగ్గుగా ఉందండీ."

అమ్మ వెంటనే సరేనంది. ఒప్పుకోనిది నాయనమ్మ. ఆవిడ చెడ్డమనిషి కాదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఆకలితో పంపేది కాదు. కానీ అక్క పంపే అరటిపళ్ళు తీసుకునేది, వండి పంపినవి మాత్రం పనిమనిషికి ఇచ్చేసేది. "వాళ్ళు క్రైస్తవులు" అని ఊరుకునేది. ఆ మాట వెనక పైకి అనని కులం మాట ఒకటి ఉండేదని నాకు పెద్దయ్యాకే అర్థమైంది. మన పొయ్యి దగ్గరికి రానివ్వడానికి వీల్లేదని, మనింటి వంట బయటికి చెప్పడానికీ వీల్లేదని అమ్మతో గట్టిగానే చెప్పింది.

అమ్మ మర్నాడు మధ్యాహ్నం ఒక గిన్నెలో బొంబాయి రవ్వ, దాని మీద శొంఠికొమ్ము పెట్టుకుని తనే పక్కింటికి వెళ్ళింది. అలా మూడు మధ్యాహ్నాలు వెళ్ళింది. నాయనమ్మ వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నేనూ సరిగ్గా మాట్లాడలేదు. నాయనమ్మ కోపం ఒకందుకు, నా కోపం ఇంకొకందుకు. కన్నకూతురికి నేర్పనిది పక్కింటావిడకి నేర్పుతోందని పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆ క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి వచ్చిన పళ్ళెం మేము చూడకుండానే పనిమనిషి చేతిలోకి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు శ్రావణంలో అమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. నాలుగు రోజులకి మాట తడబడింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పన్నెండో రోజున అమ్మ పోయింది. అమ్మకి ముప్ఫై ఒక్కేళ్ళు. నాకు పదకొండు, చెల్లికి అయిదు.

ఆ ఏడాది మాకు పండగల్లేవు. సంవత్సరీకం అయ్యేదాకా పొయ్యి మీద బూరెలమూకుడు ఎక్కకూడదు. దీపావళి నాడు వీధిలో అన్ని ఇళ్ళ నుంచీ నూనె కాగిన వాసన వస్తుంటే చెల్లి అమ్మ కజ్జికాయలు కావాలని మొదలుపెట్టింది. చుట్టాలు పంపిన కజ్జికాయ ఒకటి నాయనమ్మ దాని చేతిలో పెట్టింది. అది అంచు చూసి "ఇవి కాదు" అని కింద పెట్టేసింది. ఏడవనైనా లేదు.

నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. శొంఠి ఎంత వెయ్యాలో, రవ్వ ఎంతసేపు నానాలో ఆవిడకి తెలియదు. కోడలి పుట్టింటి వంట కదా అని ఏనాడూ పక్కన కూర్చుని చూడలేదు. మైలవరంలో అడుగుదామంటే తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. "పన్నెండేళ్ళు నా కళ్ళెదురుగానే చేసింది రా" అని నాన్నతో అంది.

డిసెంబరు వచ్చింది. పక్కింటి వసారాలో కాగితం నక్షత్రం కట్టారు. క్రిస్మస్ రోజు పొద్దున, చర్చికి వెళ్ళే ముందు, అక్క మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పళ్ళెం, దానిమీద తెల్లటి గుడ్డ. నాయనమ్మ పెరట్లో ఉంది. పళ్ళెం నేనే అందుకుని గుడ్డ తీశాను. కరకరలాడే గులాబీ పువ్వులు, రెండు కేకు ముక్కలు, ఒక పక్కగా ఆరు కజ్జికాయలు. వాటి అంచున జడ.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇవి మా అమ్మవి. మీరెందుకు చేశారు?" అని అరిచాను.

అక్క మొహం పాలిపోయింది. "మీ అమ్మవేనమ్మా. అందుకే తెచ్చాను. మీకు పెట్టకుండా ఇవి ఇంకెవరికి పెట్టను?" అంది.

ఈలోగా చెల్లి నా చంక కిందుగా చెయ్యి పెట్టి ఒకటి తీసుకుంది. కొరికింది. నమిలింది. గొంతులో ఘాటు తగిలినట్టుంది, ఆగింది. తలెత్తి అక్కని అడిగింది: "అమ్మ మీ ఇంటికొచ్చిందా?"

అక్క గుమ్మం బయటే కూలబడిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పళ్ళెం తీసుకెళ్ళి పనిమనిషికి ఇచ్చేస్తుందని భయపడ్డాను. ఆవిడ ఒక కజ్జికాయ చేతిలోకి తీసుకుంది. అంచు పొడుగునా బొటనవేలితో తడుముకుంటూ పోయింది. సగం విరిచి నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో వండినది నాయనమ్మ తినడం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపు నమిలింది.

"శొంఠి ఎంత వేస్తావమ్మా?"

అక్కని ఆవిడ అమ్మా అనడం అదే మొదలు. అక్క కళ్ళు తుడుచుకుని, "సోలెడు కొబ్బరికి అరచెంచా అండీ. ఎక్కువైతే పిల్లలు తినరని వదినగారు చెప్పారు" అంది.

"బయట కూర్చున్నావేం, లోపలికి రా" అంది నాయనమ్మ. తరువాత నన్ను ముందుకి తోసింది. "ఈ పిల్లకి నేర్పు. నాకు చేతకాదు."

మా ఇంట్లో మూకుడు పెట్టకూడదు కాబట్టి ఆ సెలవుల్లో నేనే వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ గుమ్మం దాకా వచ్చి దింపి వెళ్ళింది. రవ్వ నానబెట్టి, రోట్లో దంచి, ముద్ద సాగేదాకా దంచుతూనే ఉండాలి. చెయ్యి నొప్పి పుడుతోందంటే అక్క, "నొప్పి పుట్టాక ఇంకో ఇరవై దెబ్బలు వెయ్యాలనేవారు వదినగారు" అనేది. నావి మొదటిరోజు నూనెలో విచ్చిపోయి పూర్ణమంతా మాడి నల్లటి గసిలా తేలింది. అక్క కోప్పడలేదు. తనవీ మొదటిరోజు అలాగే విచ్చిపోయాయట, అమ్మ పొట్ట పట్టుకుని నవ్విందట. అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ మూకుడు ముందు కూర్చుని, నాకు తెలియని అమ్మని కొంచెం కొంచెంగా తెలుసుకున్నాను.

మూడోనాటికి మడత నిలిచింది. అప్పుడు, ఎన్నాళ్ళనుంచో కడుపులో ఉన్నది అడిగేశాను. "అక్కా, అమ్మ నాకెందుకు నేర్పలేదు?"

అక్క మూకుడు దించి, స్టవ్ ఆర్పింది. "నేనూ అడిగానమ్మా. పిల్లకి నేర్పకుండా నాకు నేర్పుతున్నారేంటి వదినగారూ అన్నాను. 'దానికి వచ్చేస్తే ఇంక నా దగ్గర కూర్చోదేమో. పిండిముద్ద పట్టుకుని ఎదురుగా కూర్చుని బతిమాలుతుంటే నాకు బాగుంటుంది. ఇంకో రెండేళ్ళు బతిమాలించుకుంటాను' అన్నారమ్మా మీ అమ్మ."

అమ్మ పోయాక అందరిముందూ బిగబట్టుకున్నదంతా ఆ వంటింట్లో ఏడ్చేశాను. అక్క పిండి చేతులతోనే నన్ను దగ్గరికి తీసుకుంది.

సంవత్సరీకం అయిన తరువాత వచ్చిన దీపావళికి నాయనమ్మే గోడ దగ్గరికి వెళ్ళి అక్కని పిలిచింది. మా పొయ్యి ముందు పీట వేసి కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుని మడత తిప్పబోయింది. ఆ ముసలి వేళ్ళకి అది పట్టుబడలేదు. వంకరగా వచ్చిన వాటిని విడిగా తీసి, "ఇవి నాకు" అంది. చనిపోయిన కోడలికి ఆవిడ చెప్పుకోగలిగిన క్షమాపణ అంతేనేమో. మళ్ళీ ఎప్పుడూ పక్కింటి పళ్ళెం పనిమనిషికి వెళ్ళలేదు.

రెండేళ్ళకి అక్క భర్తకి బదిలీ అయింది. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తరువాత ఆగిపోయాయి.

ఇప్పుడు నాకు అరవై నిండాయి. వంట ఎవరడిగినా చెబుతాను. పక్క ఫ్లాటు అమ్మాయికీ, మా వాచ్‌మన్ భార్యకీ, ఏడేళ్ళ మనవరాలికీ ఒకే పీట వేసి నేర్పాను. కొలత దాచను. ఇంటి గుట్టు బయటపెడతావెందుకని మావాళ్ళు అంటే నవ్వి ఊరుకుంటాను. దాచుకున్న వంట మనిషితోపాటే పోతుందని నాకు పదకొండేళ్ళకే తెలిసింది. నేర్పేటప్పుడు కొన్ని మాటలు వాటంతటవే వస్తాయి. అవి అమ్మ మాటలో, అక్క మాటలో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

అక్క ఎక్కడుందో తెలియదు. ఉంటే డెబ్బై దాటి ఉంటుంది. ప్రతి డిసెంబరులోనూ ఏదో ఒక ఊళ్ళో ఆవిడ కూతుళ్ళో కోడళ్ళో బల్ల చుట్టూ కూర్చుని ఆ అంచు తిప్పుతూ ఉంటారనుకుంటాను. మా అమ్మ పేరు వాళ్ళకి తెలిసి ఉండదు. ఆ పని చేస్తున్నంతసేపూ వాళ్ళు నాకు తోబుట్టువులే.